మూట విప్పినవాడి మీద మునియమ్మ పగ

తమిళనాడులో వేలూరు దగ్గరి గుడియాత్తంలో తాపీపని చేసేవాళ్ళంతా కొత్తగా పనిలో చేరినవాళ్ళ చెవిలో ఒక మాట వేస్తారు, మునియమ్మతో పెట్టుకోవద్దని. ఆమె గయ్యాళి కాదు. ఆమె గొంతెత్తి అరవగా విన్నవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. సిమెంటు తట్ట నెత్తిన పెట్టుకుని పరంజా ఎక్కే వయసులో ఒక కాంట్రాక్టరు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె చెయ్యి విడిపించుకుని పని చేసుకుంది, సాయంత్రం కూలి తీసుకుని ఇంటికి పోయింది. వారం తిరగకుండా ఆ కాంట్రాక్టరు బావమరుదులు ఆంబూరు నుంచి వ్యాను కట్టుకుని వచ్చి, నడిబజార్లో అతని చొక్కా పట్టుకున్నారు. వాళ్ళకు కబురు ఎవరు పంపారో అతనికి ఇప్పటికీ తెలియదు. తట్ట మోసిన ఆడవాళ్ళందరికీ తెలుసు.

అలాంటి మనిషికి మొగుడు అంకప్ప. ఇద్దరికీ ఏం చూసి ముడి వేశారో గానీ, చీమ కుట్టినా దాన్ని నలపకుండా ఊదేసే రకం అతను. పని మాత్రం గట్టిది. తలవాకిలి ద్వారబంధాన్ని ఆ పక్క వాసకాలు అంటారు. వాసకాలు నిలబెట్టాలంటే అంకప్ప రావాలని గుడియాత్తం బజారు షావుకార్లంతా అనుకునేవారు. చెక్క సరిగ్గా నిలబెట్టేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. షావుకార్లు అంకప్ప కోసం కాచుకున్నది మూట కోసం.

వాసకాలు నిలబెట్టే రోజు ఇంటావిడ పసుపు గుడ్డలో నవధాన్యాలు, చిన్న బంగారు ముక్క, వెండి, పగడం, ముత్యం పెట్టి మూట కడుతుంది. మేస్త్రీ తలంటు పోసుకుని, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వచ్చి దాన్ని అందుకుంటాడు. అందుకున్న క్షణం నుంచి గడప కింద పెట్టేవరకు నోరు విప్పకూడదు. దారిలో మేస్త్రీ మాట్లాడితే ఆ ఇంట్లో జీవితాంతం మాటా మాటా పెరుగుతుందని వాళ్ళ నమ్మకం. ఈ కాలంలో చాలామంది మేస్త్రీలు ఒక చేత్తో మూట, ఇంకో చేత్తో సెల్లు పట్టుకుని వస్తారు. అంకప్ప అలా కాదు. ఒకసారి మూట చేతిలో ఉండగా తేలు కుట్టింది, అయినా పెదవి కదపలేదని చెప్పుకుంటారు. తేలు సంగతి నిజమో కాదో గానీ, జనం నమ్మారు. అతని బతుకంతా ఆ నమ్మకం మీదే నిలబడి ఉంది.

దాన్ని నడిరోడ్డు మీద కాలదన్నినవాడి పేరు బాలచంద్రన్. ఎస్సై.

లుంగీల వ్యాపారం చేసే గిరిప్రసాద్ కాట్పాడి దగ్గర ఇల్లు కట్టిస్తున్నాడు. ముహూర్తం రోజు పొద్దున్నే గుడియాత్తంలో వాళ్ళ పూజగదిలోనే అంకప్ప మూట అందుకున్నాడు. ఇచ్చింది గిరిప్రసాద్ తల్లి. మోపెడ్ వెనకాల పనిముట్ల కోసం వెల్డింగ్ చేయించుకున్న ఇనప పెట్టె ఉంది. అందులో తాపీ, మట్టపు పలక, గుండు దారం పక్కన శుభ్రమైన తువ్వాలు పరిచి, దాని మీద మూట పెట్టి తాళం వేశాడు. పెట్టెకూ తనకూ మధ్య మునియమ్మను కూర్చోబెట్టుకుని బయలుదేరాడు.

కాట్పాడి ఇంకాస్త దూరం ఉందనగా ఒక బేకరీ ముందు పోలీసులు ఆపారు. అంకప్పకు హెల్మెట్ ఉంది, మునియమ్మకు లేదు. తప్పే. అంకప్ప లైసెన్సు, బండి కాయితాలు, ఇన్సూరెన్సు అన్నీ తీసి చేతికిచ్చాడు. కానిస్టేబుల్ చూసి అన్నీ సరిగా ఉన్నాయన్నాడు. హెల్మెట్ లేనందుకు జరిమానా మిషన్‌లో కొట్టాడు. మునియమ్మ సెల్లుకు మెసేజీ కూడా వచ్చింది. ధర్మంగా అయితే అక్కడితో అయిపోవాలి.

బాలచంద్రన్ జీపులోంచి దిగాడు. "పెట్టెలో ఏముండాది?" అని అడిగాడు. అతనికి తెలుగు బాగా వచ్చు, తల్లిది చిత్తూరు పక్క పల్లె. అలాంటివాడికి వాసకాలు మూట సంగతి తెలియదంటే ఎవరు నమ్ముతారు?

అంకప్ప రెండు చేతులూ జోడించాడు. తర్వాత చూపుడువేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. తాను మాట్లాడకూడదని చెప్పడం అతని ఉద్దేశం. ఎస్సైకి మాత్రం వీడెవడో తనను నోరు మూసుకోమంటున్నట్టు కనబడింది.

"ఏందిరా, నన్నే గమ్మునుండమంటాండావా?"

"అది కాదు సార్," అని మునియమ్మ దిగి ముందుకొచ్చింది. "మా ఆయన వాసకాలు మూట ఎత్తుకోని పోతాండాడు. గడప కింద పెట్టేదాకా మాట్లాడకూడదు. ఏం కావాల్నో నన్నడగండి, నేను చెప్తా."

"వాని నోరు నీకాడ కుదవ పెట్టినాడా? వానికి లేదా?" అని ఎస్సై కానిస్టేబుల్ వైపు చూసి నవ్వాడు. కానిస్టేబుల్ కూడా నవ్వాడు. ఆ నవ్వు మునియమ్మ కడుపులో పడింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

తాళంచెవుల గుత్తి లాక్కుని పెట్టె తెరిచారు. తాపీ, మట్టపు పలక తీసి రోడ్డు మీద పారేశారు. మూట చేతికి తగిలింది. ముడి బిగిసి ఉంది, ఊడి రాలేదు. కానిస్టేబుల్ దాన్ని పంటితో పట్టి లాగాడు. దేవుడి ముందు కట్టిన మూటను ఎంగిలి చేసి, జీపు ముందు రేకు మీద దులిపాడు. ధాన్యాలు చెల్లాచెదురై కింద పడ్డాయి. వాటి మధ్య బంగారు ముక్క మెరిసింది.

"ఇది యాడ కొట్టుకొచ్చినావు?"

అంకప్ప చేతులు జోడించే ఉన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, నోరు మాత్రం తెరవలేదు. ఎస్సై అతని చెంప మీద కొట్టాడు. బేకరీ ముందు టీ తాగుతున్నవాళ్ళంతా చూస్తున్నారు.

"చెప్పయ్యా," అంది మునియమ్మ. "మూట విప్పేసినారు గదా, ఇంకేంటికి? చెప్పు."

అంకప్ప తల అడ్డంగా ఊపాడు. విప్పింది వాళ్ళు. తాను ఇంకా గడప కింద పెట్టలేదు. అతని లెక్క అదీ. మొగుడి మీద ఆమెకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. అంత గౌరవం కూడా ఎప్పుడూ కలగలేదు.

దొరికినంత మళ్ళీ గుడ్డలోకి ఊడ్చి మూట కట్టి, ఇద్దరినీ తీసుకుపోయి స్టేషన్లో కూర్చోబెట్టారు. కబురు అంది, గిరిప్రసాద్ వచ్చి ఇది మా ఇంటి సొత్తేనని చెప్పి విడిపించేసరికి మధ్యాహ్నమైంది. ముహూర్తం ఎప్పుడో దాటిపోయింది. మూట గిరిప్రసాద్ చేతికి పోయినాకే అంకప్ప నోరు తెరిచాడు. "ముహూర్తం తప్పిపాయ గదప్పా," అన్నాడు. గిరిప్రసాద్ మూట తీసుకుని కారెక్కాడు.

గిరిప్రసాద్ వాళ్ళు ఇంటికి పోయి చూస్తే మూటలో ముత్యం లేదు. జీపు మీద దులిపినప్పుడు అదే ఎక్కడో దొర్లిపోయి ఉంటుంది, ఆవగింజ కన్నా కాస్త పెద్దది. గిరిప్రసాద్ తల్లి ఎవరినీ ఏమీ అనలేదు. తన బాధ పక్కింటావిడతో చెప్పుకుంది, అంతే. పక్కింటావిడ బజారుకు చెప్పింది. బజారు మిగతా పని చూసుకుంది. అంకప్ప చేతికి మూటిస్తే ముత్యం మాయమైందట. పోలీసులు పట్టుకుంటే నోరు కూడా మెదపలేదట. తప్పు చేయనివాడైతే చెప్పడా?

అప్పటినుంచి ఎవరూ అంకప్పకు మూట ఇవ్వలేదు. ఒప్పుకున్న వాసకాలు పనులు కూడా ఒక్కొక్కటే వేరేవాళ్ళకు పోయాయి. అతను ఎవరినీ నిలదీయలేదు. నిన్నటిదాకా తన కింద పనిచేసినవాడి దగ్గరికి గోడలు పూయడానికి కూలికి పోవడం మొదలుపెట్టాడు. ఇంటికొచ్చి తిని, గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఆ వీపును చూసిన ప్రతిసారీ మునియమ్మ పళ్ళు నూరేది.

బాలచంద్రన్ చావాలని ఆమె కోరుకోలేదు. చస్తే ఏం లాభం, పెద్ద ఫోటో పెట్టి దండ వేస్తారు. బతికుండి పదిమందిలో తల దించుకోవాలి. ఆ తల దించుకోవడాన్ని ఆమె నడుస్తూ, ఇసుక జల్లిస్తూ, అన్నం వార్చుతూ మనసులో చూసుకునేది. తియ్యగా ఉండేది.

వేలూరు కోర్టులో నందిత అని ఒక లాయరమ్మ ఉంది. వాళ్ళింటి ప్రహరీకి ఇటుకలు మోసింది మునియమ్మే. అంతా విని నందిత ముందు ఒక్కటే అడిగింది. "పెట్టె తెరిచేటప్పుడు ఎవరైనా సెల్లులో వీడియో తీసినారా అమ్మా? పోలీసులు?"

"తీయలే."

"ఏంటికి తెరస్తాండామో యాడన్నా రాసినారా? చుట్టుపక్కలవాళ్ళను సాక్షికి పిలిచినారా?"

"హెల్మెట్ అని మెసేజీ పంపినారు. అంతే."

నందిత నవ్వింది. "హెల్మెట్ ఏమన్నా పెట్టెలో దాక్కోనుండాదా?" తర్వాత ఓపికగా చెప్పింది. బండి ఆపొచ్చు, లైసెన్సు అడగొచ్చు, జరిమానా వేయొచ్చు. అంతమాత్రాన పెట్టెలో చెయ్యి పెట్టే అధికారం రాదు. ఫలానా నేరానికి సంబంధించింది ఇందులో ఉందని నమ్మడానికి గట్టి కారణం ఉండాలి, ఆ కారణం ముందు కాయితం మీద పెట్టాలి. సాక్షులుండాలి. కొత్త చట్టాలు వచ్చాక సోదా మొత్తం వీడియో తీయాలి కూడా. దొంగబంగారమని అనుమానం వచ్చిందంటే, ఆ అనుమానం మూట విప్పినాక వచ్చింది. విప్పకముందు ఏం అనుమానం?

"మరి వాళ్ళు ఇట్ల జరగనే లేదంటే?" అని నందితే మళ్ళీ అంది. "చూసినోళ్ళు ఎవరన్నా కావాల."

బేకరీ గుణశేఖర్‌ది. అతని కొట్టు ముందు కెమెరా ఉంది, రోడ్డు వైపే చూస్తుంది. మునియమ్మ పోయి ఆ వీడియో అడిగితే, ఎస్సై రోజూ టీ తాగే కొట్టు ఇది, నన్ను వదిలెయ్ తల్లీ అని దండం పెట్టాడు. ఆమె సరేనంది. మరుసటి రోజు పొద్దున పఫ్‌లు పొయ్యిలోంచి తీసే వేళకు వచ్చి కొట్టు మెట్టు మీద కూర్చుంది. వచ్చిన ప్రతి మనిషికీ, సామి, మీరు బండి మీద వచ్చినారా, ఈ కొట్టు కాడ పోలీసోళ్ళు పెట్టె తెరిచి ముత్యం పోగొడతారు, చూసి పోండి అని నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. తిట్టలేదు, ఏడవలేదు. కాలేజీ పిల్లలు రోడ్డుకు అవతలి బేకరీకి పోవడం మొదలుపెట్టారు. గుణశేఖర్ కొంతకాలం ఓర్చుకున్నాడు. చివరికి ఒకరోజు ఆమెను లోపలికి పిలిచి, పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, ఇంక లెయ్యమ్మా అన్నాడు. లేచింది. పోతూ పోతూ బన్ను కొనుక్కుంది.

నందిత చెన్నైలోని మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు పెట్టింది. వీడియోలో అంతా ఉంది. తాపీ రోడ్డు మీద పడటం, కానిస్టేబుల్ నోటితో ముడి లాగడం, చెంపదెబ్బ. సోదాను సెల్లులో తీస్తున్న పోలీసు మాత్రం ఒక్కడూ లేడు. కమిషన్ నుంచి నోటీసు పోయింది. ఏ ఆధారంతో పెట్టె తెరిచారో చెప్పమని అడిగితే, అంకప్ప అనుమానాస్పదంగా మౌనం వహించాడని బాలచంద్రన్ రాసి పంపాడు. ఆ జవాబు నందిత చదివి వినిపిస్తే మునియమ్మ రెండోసారి చదివించుకుంది. అంకప్పకు మాత్రం చెప్పలేదు.

అదే ఏడాది ఇన్స్పెక్టర్ ప్రమోషన్ల లిస్టు కదులుతోంది. ఫిర్యాదు నడుస్తున్నవాడి పేరు పక్కన పెడతారని ఎవరో బాలచంద్రన్‌కు చెప్పారు. అప్పుడు పడింది సెగ. మొదట కానిస్టేబుల్‌ను పంపాడు, మునియమ్మ వాకిట్లో నీళ్ళు చల్లుతూ అతని బూట్లు కూడా తడిపింది. తర్వాత డబ్బు ఇస్తామని కబురు వచ్చింది. ఎంతని కూడా అడగలేదు. ఆఖరికి గిరిప్రసాద్‌ను పట్టుకున్నాడు. బజారు మనిషికి స్టేషన్ మాట కాదనడం కష్టం. గిరిప్రసాద్ నీళ్ళు నములుతూ ఇంటికొచ్చాడు.

"మునియమ్మా, ఆ సారు కాళ్ళబేరానికి వచ్చినాడు. పిల్లలుండేవాడు. నీకేం కావాల్నో చెప్పు, ముగించేద్దాం."

"మేస్త్రీలు పొద్దున నిలబడే చోటుకు రమ్మను. అందరూ వినేటట్టు చెప్పమను. అంకప్ప దొంగ కాదు, ఆ పెట్టె తెరిచే హక్కు నాకు లేదు అని."

"చెప్తే?"

"ముందు చెప్పమను అప్పా."

షావుకారు ఏం వినాలనుకున్నాడో అది విని పోయాడు. ఆమె ఏం చెప్పలేదో అతను గమనించలేదు. మోసమేనా? మోసమే. మునియమ్మకు పిసరంత బాధ లేదు.

గుడియాత్తంలో బస్టాండు పక్కన పొద్దున్నే తాపీలు, క్యారియర్లు పట్టుకుని మేస్త్రీలు, తట్ట మోసే ఆడవాళ్ళు నిలబడతారు. ఇల్లు కట్టించుకునేవాళ్ళు అక్కడికే వచ్చి మనుషుల్ని మాట్లాడుకుని పోతారు. బాలచంద్రన్ మామూలు చొక్కా వేసుకుని, నల్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. మునియమ్మ అంకప్పను బలవంతంగా తీసుకొచ్చింది. అతను చివర్న, టీకొట్టు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

బాలచంద్రన్ గొంతు సవరించుకుని ఏదో గొణిగాడు.

"వెనకాలోళ్ళకు వినపడలే సార్," అంది మునియమ్మ.

మళ్ళీ చెప్పాడు. అద్దాలు తియ్యమంది. తీశాడు. మూడోసారి అందరికీ వినపడింది. అంకప్ప ఏం దొంగతనం చేయలేదు. మూట విప్పింది మేము. పెట్టె తెరవడానికి నాకు హక్కు లేదు. మెడ దాకా ఎర్రబడ్డాడు. ఎన్ని సెల్లులు పైకి లేచాయో. మునియమ్మ ఆ ముఖాన్ని కళ్ళు ఆర్పకుండా చూసింది. ఇన్నాళ్ళు మనసులో చూసుకున్నదానికంటే బాగుంది.

అప్పుడు జయరామయ్య అనే పెద్ద మేస్త్రీ గుంపులోంచి అడిగాడు. చెడ్డవాడు కాదు, ఊరంతా అనుకునేదే పైకి అన్నాడు. "అంతా సరే నాయనా. దొంగ కాకపోతే అంకప్ప ఆ పొద్దు ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది గదా? ముత్యం గూడా పొయ్యేది కాదు. ఏంటికి చెప్పలే?"

 మునియమ్మ మొగుడి వైపు చూసింది. ఎస్సై తల దించుకున్నాడు, అయినా మొగుడి మీద మచ్చ అలాగే ఉంది.  ఆ రోజు రోడ్డు మీద ఆమె కూడా అదే అడిగింది.

అంకప్ప గోడ దగ్గర నుంచి కదిలి ముందుకొచ్చాడు.

"మూట నా చేతిలో ఉండాది జయరామన్నా. నాకు దెబ్బ పడిందని నోరు తెరిస్తే, రేపు ఆ యింట్లో ఆలుమొగుళ్ళు కొట్టుకున్నప్పుడు ఎవరి పాపం? వాళ్ళు నన్ను నమ్మి ఇచ్చినారు. నేను దొంగనని అనుకుంటే అనుకోనీ. మూట ఎత్తుకున్నోడు మాట్లాడినాడని మాత్రం ఎవరూ అనకూడదు." చుట్టూ ఉన్న మేస్త్రీల వైపు తిరిగాడు. "మీలో ఎవరన్నా ఆ పొద్దు మాట్లాడుంటారా? చెప్పండి."

జయరామయ్య ముందు నేల చూశాడు. తర్వాత, "నేను మాట్లాడుంటా," అన్నాడు నిజాయితీగా. "ఒక దెబ్బకే మాట్లాడుంటా." పక్కనున్నవాళ్ళు ఒక్కరొక్కరుగా సెల్లులు దించారు. గిరిప్రసాద్ అంకప్ప దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేశాడు, వెంటనే తీసేశాడు. మునియమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

అంతా అయిపోయిందనుకుని బాలచంద్రన్ ఆమె దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించి, మర్యాదగా అడిగాడు.

"చెప్పమన్నది చెప్పినానమ్మా. చెన్నైలో కేసు ఎప్పుడు వాపసు తీసుకుంటారు?"

"తీసుకోను సార్."

అతను తెల్లబోయి గిరిప్రసాద్ వైపు చూశాడు. గిరిప్రసాద్ ఆకాశం వైపు చూశాడు.

"ఇదేమి న్యాయం? మీరు అడిగిందంతా చేసినాను గదా?"

"ఆ పొద్దు మీరు లైసెన్సు అడిగినారు, ఇచ్చినాము," అంది మునియమ్మ. "బండి కాయితాలు అడిగినారు, ఇచ్చినాము. జరిమానా వేసినారు, ఒప్పుకున్నాము. మీరు అడిగిందంతా మేమూ చేసినాము సార్. అప్పుడు మీరు మమ్మల్ని పోనిచ్చినారా?"